కిచెన్‌లో అడక్కుండా జవాబిచ్చిన సర్వర్‌కి టిప్పు ఎంత?

డాలస్‌కి ఉత్తరాన, ప్లేనోలో మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక మెక్సికన్ రెస్టారెంట్ ఉంది. పేరు రాయడం లేదు. ఒక్క రాత్రి జరిగిన దానికి అక్కడ పనిచేసే పాతికమందికీ చెడ్డపేరు తేవడం నాకిష్టం లేదు. ఇప్పటికి ఐదుసార్లు వెళ్లాం. నాలుగుసార్లు చాలా బాగుంది. ఐదోసారి మా మామయ్యగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి వెళ్లి బాధపడి వచ్చాం. టిప్పు ఎంత రాయాలన్న దాని మీద ఇంట్లో రెండు రోజులు మాటలు నడిచాయి. అందుకే ఈ రివ్యూలో తిండి కంటే టిప్పు సంగతే ఎక్కువ ఉంటుంది.

ముందు తిండి. లోపలికి అడుగు పెట్టగానే ఎడమపక్క అద్దం వెనక ఒకావిడ నిలబడి మొక్కజొన్న పిండి ఉండలు చేస్తూ ఉంటారు. ఒక్కో ఉండనీ ప్రెస్‌లో పెట్టి నొక్కి, పెనం మీద వేసి, రెండోసారి తిప్పగానే అంచు మీద వేలితో మెల్లగా ఒత్తుతారు. పుల్కాలాగే బుస్సున పొంగుతుంది. టోర్టియా అంటే ఈ రొట్టే. గుడ్డలో చుట్టి వేడివేడిగా టేబుల్ మీదికి తెస్తారు. కాల్చిన టమాటాలతో చేసిన సాల్సా అచ్చం రోటి పచ్చడిలా నోటికి తగులుతుంది. వెజిటబుల్ ఎన్చిలాడాలు, అంటే కూరగాయలు చుట్టి పైన సాస్ పోసిన టోర్టియాలు, బ్లాక్ బీన్స్ బాగుంటాయి. శాకాహారులకి ఈ చుట్టుపక్కల ఇంత రుచిగా పెట్టే మెక్సికన్ చోటు నాకింకోటి తెలియదు.

అయితే మెక్సికన్ వంటలో శాకాహారులు జాగ్రత్తపడాల్సినవి మూడున్నాయి. అన్నం చాలాచోట్ల చికెన్ బ్రాత్‌తో, అంటే కోడిమాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు. మెదిపి వేయించే రిఫ్రైడ్ బీన్స్‌లో పంది కొవ్వు వేసేవాళ్లున్నారు. మైదా టోర్టియాల్లో కూడా అదే కొవ్వు కలిపే పద్ధతుంది. ఇవేవీ చూస్తే తెలియవు, తింటే కూడా తెలియకపోవచ్చు. అడగాలి. అడిగితే నిజం చెప్పే మనిషి ఉండాలి.

మొదటి నాలుగుసార్లూ మాకు అలాంటి మనిషే దొరికాడు. యాభై దాటిన ఆయన. మొదటిసారి నేను అన్నం గురించి అడిగితే, పెన్ను చెవి మీద పెట్టుకుని, "ఒక్క నిమిషం, కనుక్కొస్తాను" అని లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. అన్నం వద్దు, చికెన్ బ్రాత్. రిఫ్రైడ్ వద్దు, కొవ్వు. బ్లాక్ బీన్స్ పరవాలేదు. మొక్కజొన్న టోర్టియా పరవాలేదు. రెండోసారి వెళ్లినప్పుడు నేను నోరు తెరవకముందే, "మీకు అన్నం బదులు ఇంకో కప్పు బ్లాక్ బీన్స్ కదా" అన్నాడు. ఆయనకి మేమెప్పుడూ 20 శాతానికి తగ్గించి ఇవ్వలేదు, ఇంకా ఇవ్వాలనిపించేది.

ఐదోసారి శనివారం రాత్రి. తెనాలి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి నెలైంది. మామయ్యగారు పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని మనిషి. కొత్త చోట తినాలంటే ఆయనకి టెన్షన్. "మంచి చోటు మామయ్యగారూ, అన్నీ కనుక్కునే పెడతారు" అని నేనే ధైర్యం చెప్పి తీసుకెళ్లాను. ఆ మాట నాది కాబట్టే తర్వాత జరిగింది నాకు మరీ గుచ్చుకుంది.

ఏడింటికి రిజర్వేషన్ ఉన్నా టేబుల్ దొరికేసరికి ఇరవై నిమిషాలు. కూర్చున్నాక నీళ్లు రావడానికి పది నిమిషాలు. అత్తయ్యగారికి ఐస్ లేని నీళ్లడిగితే రెండుసార్లూ ఐస్‌తోనే వచ్చాయి. ఆర్డరిచ్చిన నలభై నిమిషాలకి తిండొచ్చింది. నాకు తెలిసిన పెద్దాయన ఆ రాత్రి లేడు. వచ్చినమ్మాయికి ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయేమో. మా వైపు టేబుళ్లన్నీ ఆ అమ్మాయి ఒక్కతే చూస్తోంది. నేను లెక్కపెడితే తొమ్మిది.

ఇంతవరకు జరిగిన దానికి నేను ఒక్క డాలరు కూడా తగ్గించేదాన్ని కాదు. మా అమ్మాయి పోయిన వేసవి సెలవుల్లో వేరే రెస్టారెంట్‌లో హోస్ట్‌గా, అంటే వచ్చినవాళ్లని టేబుల్ దగ్గర కూర్చోబెట్టే పనిలో ఉంది. ఎక్కడ ఏది ఆలస్యమైతే అది ఎవరి చేతిలో ఉంటుందో దాని దగ్గరే నేర్చుకున్నాను. టేబుల్ ఆలస్యమైతే అది హోస్ట్ పని, లేదా ముందు కూర్చున్నవాళ్లు లేవకపోవడం. తిండి ఆలస్యమైతే ఎక్కువగా కిచెన్. నీళ్లు, ఐస్, మళ్లీ వచ్చి పలకరించడం మాత్రం సర్వర్‌వి. కానీ ఒక్క మనిషికి తొమ్మిది టేబుళ్లు అప్పగిస్తే నీళ్లు కూడా ఆలస్యమవుతాయి, ఆ అప్పగించింది మేనేజర్. ఎవరి తప్పుకి ఎవరి డబ్బు కోస్తున్నామో చూసుకోకుండా పెన్ను పట్టుకోకూడదని నాకు గట్టిగా ఉంటుంది.

అన్నం సంగతి అలాంటిది కాదు.

ఆర్డరిచ్చేటప్పుడు నేను స్పష్టంగా అడిగాను. "మా మామయ్యగారు శాకాహారి. అన్నంలో చికెన్ బ్రాత్ వాడతారా?" ఇదివరకు వద్దన్నారని నాకు గుర్తుంది. కానీ మెనూ కొత్తగా అచ్చువేశారు, అన్నం పేరు కూడా మార్చారు, వంట మారిందేమో అనుకున్నాను. ఆ అమ్మాయి ప్యాడ్ మీంచి తలెత్తకుండానే, "లేదు, శుభ్రంగా తినొచ్చు" అంది. "ఒకసారి కిచెన్‌లో కనుక్కుంటారా?" అన్నాను. "నాకు తెలుసు, పరవాలేదు" అంది.

మామయ్యగారు రెండు చెంచాలు తిన్నారు. అప్పుడే కిచెన్ నుంచి ప్లేట్లు మోసుకొచ్చే రన్నర్ కుర్రాడు మా ఆయన ప్లేటు తెచ్చాడు. మా అమ్మాయి అలవాటు కొద్దీ అతన్నీ అడిగింది. "ఆ అన్నమా? చికెన్ బ్రాత్‌తోనే వండుతాం" అన్నాడు ఏమీ తెలియక.

అది ఇంగ్లీషులో అన్నా మామయ్యగారికి చికెన్ అన్న మాట అర్థమైంది. ఫోర్కు ప్లేటు పక్కన పెట్టేశారు. నోట్లో ఉన్నది నాప్‌కిన్‌లోకి తీసి, దాన్ని నాలుగు మడతలు వేసి, ఎవరికీ కనపడకుండా చేతిలో పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్లారు. చాలాసేపు రాలేదు. మా ఆయన వెళ్లి చూస్తే పుక్కిలిస్తున్నారట, మళ్లీ మళ్లీ. వచ్చి కూర్చుని, నా మొహం చూసి, "పోనీలేమ్మా, తెలిసి తిన్నది కాదుగా" అన్నారు. పుట్టినరోజు నాడు ఆయనే నన్ను ఓదార్చాల్సి వచ్చింది.

తెలియకపోవడం తప్పు కాదు. తెలియని దాన్ని తెలుసని చెప్పడం తప్పు. ఎలర్జీ ఉన్నవాళ్ల విషయంలో ఇదే మాట ప్రాణం మీదికి తెస్తుంది. కిచెన్ తలుపు మా టేబుల్‌కి ఇరవై అడుగులు కూడా లేదు.

లేచి మేనేజర్ దగ్గరికి వెళ్లాను. టేబుల్ దగ్గరికి పిలిపిస్తే అందరి ముందూ ఆ అమ్మాయిని నిలదీసినట్టవుతుందని నేనే వెళ్లాను. గొంతు పెంచలేదు. మూడే ముక్కలు చెప్పాను. ఏం అడిగాను, ఏం చెప్పింది, ఏం జరిగింది. ఆలస్యం గురించి ఫిర్యాదు లేదని కూడా చెప్పాను. ఆయన క్షమాపణ చెప్పి, ఇద్దరు సర్వర్లు ఆ రోజు రాలేదన్నాడు. ఆ 16 డాలర్ల ప్లేటు బిల్లులోంచి తీసేసి, వేరే ఏదైనా చేయిస్తానన్నాడు. మామయ్యగారికి ఇక తినాలనిపించలేదు.

బిల్లొచ్చింది. తీసేసిన ప్లేటు పోగా 126 డాలర్లు. 8.25 శాతం ట్యాక్స్ 10.40 కలిపి 136.40. కింద టిప్పు సూచనలు, 18 శాతం అయితే 24.55, 20 శాతం అయితే 27.28, 22 శాతం అయితే 30.01. ఇక్కడొక మాట. ఈ సూచనలు ట్యాక్స్ కలిపిన మొత్తం మీద వేసినవి. టిప్పు ట్యాక్స్‌కి ముందున్న మొత్తం మీద వేసుకుంటే చాలు, మర్యాద తక్కువేమీ కాదు. అలాగే, ఏదైనా ఉచితంగా ఇచ్చినా బిల్లులోంచి తీసేసినా, టిప్పు అసలు మొత్తం మీద లెక్కెయ్యాలి. ఆ ప్లేటు మోసుకొచ్చిన పని ఎలాగూ జరిగిందిగా. అంటే మా లెక్క 142 డాలర్ల మీద. బాగుండి ఉంటే 28 రాసేవాళ్లం.

మా ఆయన పెన్ను తీసి, బిల్లు మీద టిప్పు రాసే గీత దగ్గర పెట్టి, "సున్నా రాసేస్తున్నా" అన్నారు.

"వద్దు నాన్నా," అంది మా అమ్మాయి. "సున్నా రాస్తే మనకి వడ్డించినందుకు తనే ఎదురు డబ్బు కట్టాలి."

మా అమ్మాయి చెప్పింది టిప్ అవుట్ సంగతి. చాలా రెస్టారెంట్లలో సర్వర్లు తమ టిప్పుల్లోంచి టేబుళ్లు తుడిచే బస్సర్లకీ, బార్‌లో వాళ్లకీ, హోస్ట్‌కీ వాటా ఇవ్వాలి. మా అమ్మాయి పనిచేసిన చోట ఆ వాటా వచ్చిన టిప్పు మీద కాదు, అమ్మిన మొత్తం మీద 4 శాతం. ఇక్కడా అదే పద్ధతైతే మా 142 డాలర్ల టేబుల్‌కి ఆ అమ్మాయి 5.68 పంచాలి. మేం సున్నా రాస్తే అది పక్క టేబుల్ వాళ్లిచ్చిన దాంట్లోంచి పోతుంది. మాకు గ్లాసులు నింపిన బస్సర్ కుర్రాడు ఏ తప్పూ చేయలేదు, నిజం చెప్పిన రన్నర్ అసలే చేయలేదు.

జీతం సంగతి కూడా తెలియాలి. టెక్సాస్‌లో టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని గంటకి 2.13 డాలర్లిస్తే చట్టానికి సరిపోతుంది. ఫెడరల్ చట్టంలో ఆ అంకె 1991 నుంచి మారలేదు. మామూలు కనీస వేతనం 7.25, అదీ 2009 నుంచి అక్కడే ఉంది. మధ్యలో ఉన్న 5.12 టిప్పులతో నిండుతుందని లెక్క. నిండకపోతే యజమాని కలిపి ఇవ్వాలి. కానీ ఆ లెక్క వారం మొత్తానికి చూస్తారు గనక, ఒక టేబుల్ సున్నా రాస్తే యజమాని జేబు కదలదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, మిన్నెసోటా లాంటి ఏడు రాష్ట్రాల్లో ఇలా లేదు, అక్కడ టిప్పులతో సంబంధం లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉండే మా తమ్ముడు టిప్పు గురించి నాకంటే తేలిగ్గా మాట్లాడతాడు. మాట్లాడచ్చు, వాడున్న చోటు వేరు.

"జీతం ఇవ్వాల్సింది యజమాని. ఆయన ఇవ్వని జీతం నేనెందుకివ్వాలి?" అన్నారు మా ఆయన. ఆ మాటతో నాకు పేచీ లేదు. 2.13 అన్నది సిగ్గుపడాల్సిన అంకె. కానీ ఆ కోపం యజమానికి తగలాలంటే ఆ గీత మీద సున్నా రాస్తే తగలదు. తగిలేది ఆ అమ్మాయికే.

ఇంతలో ఆ అమ్మాయే వచ్చింది. మేనేజర్ పంపాడో, తనే వచ్చిందో తెలియదు. చేతిలో ట్రే లేదు, ప్యాడ్ లేదు. నా వైపు కాదు, నేరుగా మామయ్యగారి వైపు తిరిగి, "నేను వెళ్లి అడగలేదు. అడగాల్సింది. సారీ" అంది. తొమ్మిది టేబుళ్ల మాటెత్తలేదు, మనుషులు రాలేదని చెప్పలేదు. మామయ్యగారికి ఎంతవరకు అర్థమైందో గానీ, చెయ్యి కొంచెం పైకెత్తి, "సరేలే తల్లీ" అన్నారు తెలుగులోనే. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది.

15 డాలర్లు రాశాం. 142 మీద పది శాతం కంటే కొంచెం ఎక్కువ. మామూలుగా ఇచ్చే దాంట్లో సగం. ఆలస్యానికి ఏమీ కొయ్యలేదు. అడక్కుండా చెప్పినందుకు కోశాం. వచ్చి ఒప్పుకోకపోయి ఉంటే 10 దగ్గర ఆగేదాన్ని, టిప్ అవుట్ పోగా నాలుగు డాలర్లు మిగిలేవి. అంతకంటే కిందికి మాత్రం వెళ్లేదాన్ని కాదు. ఇది నా లెక్క, మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

నేను జీవితంలో సున్నా రాసింది ఒక్కసారే. చాలా ఏళ్ల కిందట, వేరే ఊళ్లో, వేరే రెస్టారెంట్‌లో, మా అమ్మ ఇంగ్లీషులో ఆర్డర్ చెప్తుంటే సర్వర్ ఆవిడ యాసని ఆవిడ ముందే వెక్కిరించి పక్కతన్ని చూసి నవ్వాడు. అమ్మ మెనూ మూసేసి, "నువ్వే చెప్పమ్మా" అంది. మనిషిని అవమానించినవాడికి ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆ రోజు కూడా మేనేజర్‌కి చెప్పాకే సున్నా రాశాను. చెప్పకుండా సున్నా రాసి వెళ్లిపోతే మర్చిపోయారేమో అనుకుంటారు, లేదా పిసినారులనుకుంటారు. ఏ తప్పుకి కోశామో వాళ్లకి ఎలా తెలుస్తుంది? కోపానికి ఒక పెన్నీ వదిలి వెళ్లడం కొందరి అలవాటు. అది ఎవరికీ ఏమీ నేర్పదు, మన చెయ్యే చిన్నదవుతుంది.

టిప్పు తగ్గిస్తే సర్వీసు బాగుపడుతుందన్న నమ్మకం నాకూ ఉండేది. కార్నెల్ యూనివర్సిటీలో టిప్పుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన ప్రొఫెసర్ మైకేల్ లిన్ రాసినవి చదివాక అది సడలింది. సర్వీసు ఎంత బాగుందన్న దానికీ టిప్పు ఎంత వచ్చిందన్న దానికీ సంబంధం చాలా బలహీనమని ఆయన పరిశోధనలు చూపించాయి. అవతలివాళ్లకి పది మంది పది రకాలుగా ఇస్తుంటారు, మనం తగ్గించిన కారణం ఆ గుంపులో కలిసిపోతుంది. మాటే చేరుతుంది. మేనేజర్‌కి చెప్తే మన డబ్బు ఆయనకి పోతుందన్న అనుమానం కూడా వద్దు, మేనేజర్లు, యజమానులు ఉద్యోగుల టిప్పులు ఉంచుకోకూడదని 2018లో ఫెడరల్ చట్టంలో స్పష్టంగా చేర్చారు.

పెద్ద గుంపుగా వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. మూడోసారి మేం తొమ్మిది మందిమి వెళ్లాం. ఆరుగురు దాటితే టిప్పు బదులు 18 శాతం గ్రాట్యుటీ వాళ్లే బిల్లులో కలుపుతారని మెనూ చివర చిన్న అక్షరాల్లో ఉంది. బిల్లులో అది వేశారు, కింద టిప్పు గీత మాత్రం ఖాళీగా అలాగే ఉంది. మా ఆయన చూసుకోకుండా ఇంకో 20 శాతం రాశారు. ఎవరూ చెప్పలేదు. అలా వాళ్లే తప్పనిసరిగా కలిపే మొత్తాన్ని అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ 2014 నుంచి టిప్పుగా కాక సర్వీస్ చార్జిగానే చూస్తోంది, మనం ఇష్టపడి ఇచ్చింది కాదు గనక. సర్వీసు బాగాలేని రోజు ఇది కలిపి ఉంటే, సంతకం పెట్టకముందే మేనేజర్‌ని పిలిచి మాట్లాడండి. కార్డు గీసి ఇంటికొచ్చాక వాదించడం కష్టం.

రెస్టారెంట్ విషయానికొస్తే, తిండికి ఐదుకి నాలుగున్నర. సర్వీసుకి ఆ పెద్దాయన ఉన్న రోజు ఐదు, మేం వెళ్లిన శనివారం రెండు. పార్కింగ్‌కి ఇబ్బంది లేదు. శుక్ర, శనివారాల రాత్రి పెద్దవాళ్లతో వెళ్లకండి, చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడదు. మంగళ, బుధవారాలు మధ్యాహ్నం బాగుంటుంది.

యాజమాన్యానికి ఒక్కటే అడుగుతున్నాను. కొత్త మెనూలో అన్నం పక్కన, బీన్స్ పక్కన, టోర్టియాల పక్కన వాటిలో ఏముందో రెండేసి మాటలు అచ్చువేయండి. అప్పుడు తొమ్మిది టేబుళ్లతో పరిగెత్తే పిల్లని ఎవరూ అడగక్కర్లేదు, తనూ తప్పు చెప్పక్కర్లేదు. మేనేజర్‌కి ఆ రాత్రే చెప్పాను, రాసుకున్నాడు.

మళ్లీ వెళ్దామా అని నిన్న మామయ్యగారిని అడిగాను. "ఆ రొట్టెలు కాల్చే ఆవిడ బాగా చేస్తోందమ్మా" అన్నారు. బుధవారం మధ్యాహ్నం వెళ్తున్నాం. అన్నం తీసుకోం.